ఐలయ్య ఏరిన ముగ్గురు

డాబా మీద నిలబడి నేను ఎవరికి చెయ్యి ఊపుతున్ననో అని పరేషాన్ అయితున్నవ్ గద సంయుక్తా. రోజూ పొద్దుగూకంగ చూస్తనే ఉన్న, మెట్ల మీద ఆగుతవ్, ఈ ముసల్దానికి మతి తప్పిందా ఏంది అన్నట్టు చూస్తవ్, నీ పోర్షన్లకు పోయి తలుపు పెట్టుకుంటవ్. ఇయ్యాల అడగనే అడిగినవ్, మంచిదైంది. ఆ ల్యాప్‌టాప్ సంచి ఆడ పెట్టి జర కూసో. చెప్తా. నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమున్నా మా చెరువుకట్ట మైసమ్మ నా నాలిక పట్టి గుంజాలె. పుట్టి బుద్ధెరిగినంక నేను అబద్ధమాడింది లేదు, కావాలంటె ఈ ఖాజాగూడల ఎవర్నన్న అడుగు. వద్దులే, అడగకు. ఈ ఊరోళ్ళంత అబద్ధాలకోర్లు.

అగో, ఆ అద్దాల టవర్ కనపడుతుందా, నడుమ నీలం లైటు ఉన్నది. దాని పద్నాలుగో అంతస్తుల బాల్కనీ కాడ నిలబడి నాకు చెయ్యి ఊపేది కనకలక్ష్మి. మేము కనకం అంటం. ఇంత దూరం నీకు కనపడదు, నా కండ్లు గద్ద కండ్లు, దాని చేతికి గాజులు ఎన్ని ఉన్నయో గూడ చెప్తా. ఆ కనకం ఇగ ముందు ఏడ ఉండాలె, ఎవరి చేతి కూడు తినాలె అనేది వచ్చే ఐతారం తేలుస్తరు. నేనొక్కదాన్నే అటుదిక్కు, ఉన్నోళ్ళంత ఇటుదిక్కు అయ్యేటట్టుంది. గందుకే నాకు కడుపుల కూడు పడుతలేదు, పొద్దున నాలుగు రొట్టెలు తిన్న అంతే. ఇదంత తెల్వాలంటె ముందు వాళ్ళ నాయిన ఐలయ్య సంగతి తెల్వాలె.

ఐలయ్య పోయి పదేండ్లు దాటింది. ఆ టవర్ ఉన్న జాగ ఆయనదే. అప్పుడంత రాతిగుండ్లు. ఒక్కో గుండు నీ ఆఫీసంత ఉండేది. ఆడ గడ్డి మొలవాలంటె గడ్డికే భయం. ఐలయ్య బర్లు ఆ గుండ్ల నడుమ మేసి మేసి వాటి మూతులు సానరాయి లెక్క నున్నగైనయి. పాల యాపారం ఆయనది. మనిషి ఎండిన తుమ్మకట్టె లెక్క ఉండేటోడు, ఆ కట్టె నిండ అనుమానమే. బర్రె తక్కువ పాలిస్తే రోగమొచ్చిందేమో అనుకోడు, దాస్తుందనుకుంటడు. దాని ముంగట ముక్కాలి పీట ఏసుకొని కూసొని "చెప్పు, ఎవరికి పోస్తున్నవ్" అని అడిగేటోడు. మా ఇంటికొస్తే చాయ్ ముందు నేను తాగాలె, నేను సావకపోతే అప్పుడు ఆయన తాగేటోడు. ఒకపారి లింగంపల్లి బస్సుల కండక్టర్ చిల్లర తర్వాత ఇస్తనన్నడట, దిగేదాక ఆయన మొకం మీదికెళ్ళి చూపు తియ్యలే. ఆ కండక్టర్ తెల్లారి నౌకరికి రాజీనామ పెట్టిండు. నవ్వకు. నిజం.

ఆయనకు ఇద్దరు పిల్లలు. పెద్దది కనకం, చిన్నోడు రవీందర్. కనకం పుట్టినప్పుడు చానసేపు ఏడ్వలే. ఏడ్చినంక అందరం దండం పెట్టుకున్నం గని, ఆ ఏడ్వని సేపే దాని బతుకంత నిలబడ్డది. నడక ఆలస్యం, మాట ఆలస్యం, చదువైతే మొత్తానికే అంటలే. తల్లి కిష్టమ్మ ఉన్నన్ని దినాలు దాన్ని సంకల నుంచి కింద పెట్టలే, ఏదో జరమొచ్చి తొందరగనే పోయింది. కనకానికి ఇప్పుడు నలభై దాటినయి, నెత్తి సగం తెల్లవడ్డది. మాటలు నాలుగైదు వస్తయి. గని మనిషిని బండి సప్పుడుతోనే గుర్తుపడ్తది. నవ్వితే ఇల్లంత నవ్వుతది. దానికి ఒక్కటే ఇష్టం, బొటనవేలు ఒత్తుడు. రేషన్ దుకాణంల వాళ్ళ నాయిన వేలు అద్దుతుంటె చూసింది కావచ్చు. ఇగ అప్పటిసంది ఏడ తడి కనపడ్డా వేలు అద్దాలె, గోడకు ఒత్తాలె. పసుపు, కుంకుమ, పిండి, పేడ, ఏదైన సరే. ఒత్తి మన మొకం దిక్కు చూస్తది. మంచిగుంది బిడ్డా అనాలె. అనకపోతివా, పక్కన ఇంకోటి ఒత్తుతది. మా ఇంటికి సున్నం ఏసే పనే పడలే, గోడలన్ని దాని వేళ్ళే.

ఇగ జాగల ధరలు పెరిగినయి. మీ ఆఫీసులు అటు లేస్తుంటె ఇటు మా ఊర్ల తమ్ముళ్ళందరికి అక్కలు యాదికొచ్చుడు మొదలైంది. ఎందుకో తెలుసా. తాతల జాగ అమ్మాలంటె ఆడబిడ్డల సంతకం ఉండాలంటరు బిల్డర్లు. అంతకుముందు ఆడబిడ్డంటె ఏంది, ఒక చీర, జరంత పసుపు కుంకుమ, పో అమ్మా అంటె పోతుండె. ఇప్పుడు సంతకమనేసరికి, ఇరవై ఏండ్లు గడప తొక్కనోడు వేటమాంసం మోసుకొని అక్క ఇంటికి ఉరికిండు. ఒకడైతే అక్క కాళ్ళు కడిగి ఆ నీళ్ళు తాగిండు, నా కండ్లతోని చూసిన. తాగినట్టు చేసిండు, సరే. ఐలయ్య ఇంటికి గూడ ఒక బ్రోకర్ వచ్చుడు షురూ చేసిండు. వచ్చినప్పుడల్ల ఐలయ్యతోని మాట్లాడుడు కంటె కనకంతోని మాట్లాడుడు ఎక్కువ. "అక్కా, జామూన్ తెచ్చిన. అక్కా, నీ గాజులు మంచిగున్నయే." పుట్టినకాడికెళ్ళి ఎవ్వడు అక్కా అని పిలవని దాన్ని వాడు ఒక్క నెలల వెయ్యిసార్లు పిలిచిండు. కనకం ఎగిరి గంతులేసింది. ఐలయ్య మాత్రం దాణా సంచి మీద కూసొని వాని చేతుల దిక్కే చూస్తుండె, వేళ్ళకు సిరా ఏమన్న ఉందా అని.

అసలు సంగతి బ్రోకర్‌తోని కాలే. ఒక పగటీలి రవీందర్ అక్కను బండి మీద కూసోబెట్టుకొని మదీనాగూడకు తీస్కపోయిండు, ఐస్‌క్రీం తినిపిస్త అని. పొద్దుగూకేటాళ్ళకు వచ్చిండ్రు. కనకం మూతి నిండ ఐస్‌క్రీం. బొటనవేలు నిండ నీలం సిరా. నేను ఆడనే ఉన్న, పాలకు పోయిన. ఐలయ్య బకెట్ కింద పెట్టిండు. "ఏడ ఒత్తినవ్ బిడ్డా" అన్నడు. అది నవ్వి వాళ్ళ నాయిన అంగీ మీద ఒత్తింది. రవీందర్ దిక్కు తిరిగిండు. వాడు "సర్టిఫికెట్ కోసం బాపూ, దవాఖానల వికలాంగుల సర్టిఫికెట్లు రాస్తున్నరంటె తీస్కపోయిన" అన్నడు. "కాయితమేది" అన్నడు ఐలయ్య. "ఇంక రాలె, నెల పడుతదన్నరు." అంతే. ఐలయ్య కనకాన్ని కుండ కాడికి తీస్కపోయి సబ్బుతోని కడిగిండు, చింతపండుతోని రుద్దిండు, గ్యాసునూనె పోసి తోమిండు. పోలే. ఇగ ఆ వేలు తన పిడికిట్ల పట్టుకొని గట్లనే కూసున్నడు, బర్లు పాలు పిండమని ఒర్లుతున్నా లేవలే. నువ్వడుగుతవ్, సర్టిఫికెట్ వచ్చిందా అని. వచ్చింది, నెల కాదు ఆరు నెలలకు. గని ఆ దినం దాని కోసమే ఒత్తిందో, ఇంకేదన్న కాయితం మీద గూడ ఒత్తిందో ఎట్ల తెలుస్తది. ఒక్క వేలితోని ఎన్నిసార్లన్న ఒత్తొచ్చు. ఇప్పటిదాక తేలలే. ఐస్‌క్రీం తిన్నది మాత్రం నిజం.

తెల్లారి ఐలయ్య నన్ను లేపిండు. లింగంపల్లిల వకీలు కాడికి పోదాం రమ్మన్నడు. నేనెందుకు అంటె, "నేను విన్నది నువ్వు గూడ వినాలె, రేపు ఎవరన్న మాట మారిస్తె ఇద్దరం ఉండాలె" అన్నడు. వకీలు ఒక ఆడపిల్ల, జాయ్స్ అని, విజయవాడ దిక్కు మనిషి. టిఫిన్ సెంటర్ పైన ఆఫీసు, మెట్లెక్కుతుంటె పూరీల వాసనకు నా కండ్లు తిరిగినయి. ఐలయ్య అంత చెప్పిండు, జాగ ఇస్తె బిల్డర్ టవర్ కట్టి అందుల కొన్ని ఫ్లాట్లు ఇస్తనన్నది గూడ. ఆమె మంచిగ విన్నది. "అమ్మాయి పేరున పెడితే వేలిముద్ర ఒక్కటి చాలండి, అంతా పోతుంది. మీ వాటాకి వచ్చే వాటిలో రెండు ఫ్లాట్లు ట్రస్ట్ కింద పెట్టేద్దాం. వాటి అద్దె ఆమె తిండికీ మందులకీ వాడాలి. ఆమె ఉన్నన్నాళ్ళూ అమ్మే హక్కు ఎవరికీ ఉండదు. చూసుకోవడానికి ట్రస్టీలుండాలి. మీకు బాగా నమ్మకమున్న ముగ్గురి పేర్లు చెప్పండి పెద్దాయనా" అన్నది. ఐలయ్య కుర్చీల ముందుకు జరిగిండు. "నమ్మకమున్నోళ్ళు వద్దు వకీలమ్మా" అన్నడు. ఆమె పెన్ను ఆపింది. "నమ్మకమున్నోళ్ళు ఒకని మొకం ఒకడు చూసి ఊకుంటరు. అన్న చేసిండంటె సరే అంటరు. నాకు గట్లాంటోళ్ళు వద్దు. ఒకని మీద ఒకనికి జర గూడ నమ్మకం లేనోళ్ళు ముగ్గురు గావాలె." ఆమె నవ్వింది. ఐలయ్య నవ్వలే. జరసేపటికి ఆమె గూడ నవ్వుడు బంద్ చేసింది.

ఆ ముగ్గుర్ని ఏరుడు గూడ చూడాలె నువ్వు. బర్రెను కొనేటప్పుడు పండ్లు చూసినట్టు చూసిండు. మొదటోడు ఇస్సాకు గారు. దవాఖానల కంపౌండర్ చేసి రిటైరైండు, గుంటూరు దిక్కు మనిషి, చర్చిల పెద్ద. ఐలయ్యకు ఆయనకు నడుమ గోడ పంచాయితీ. జానెడు అటు జరిపినవంటె జానెడు ఇటు జరిపినవని, ఇద్దరు తెల్లవెంట్రుకలొచ్చేదాక కొట్లాడిండ్రు. ఆ గోడకు నోరుంటె అదే లేచి పోతుండె. గసొంటాయన కాడికి ఐలయ్య నడుసుకుంట పోయి "నువ్వు నా బిడ్డకు ట్రస్టీ కావాలె" అన్నడు. ఇస్సాకు గారు చేతులున్న పేపర్ కింద పడేసుకున్నడు. "నేనేంటండి, మీకూ నాకూ మాటలే లేవు కదండీ" అన్నడు. ఐలయ్య ఏమన్నడంటె, "గా గోడ కాడ నువ్వు నాకు ఇంచు ఇడిసిపెట్టలే. నా బిడ్డ కాడ గూడ ఎవ్వనికి ఇంచు ఇడిసిపెట్టవు." ఇస్సాకు గారు గోడ దిక్కు ఒకపారి చూసి, సరేనండి అన్నడు. ఆయన భార్య రాహేలమ్మ, నర్సు, చీర కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. రెండోది నేను. నన్నెందుకు అంటె, "నీ చెవుల పడ్డది ఊరు చివరకు పోయేదాక నీకు కూడు ఎక్కదు సుబ్బమ్మా. ఎవడన్న తింటె పొద్దుగాల కల్లా అందరికి తెలుస్తది" అన్నడు. ఇంత మర్యాదగ నన్నెవరు పిలవలే. మూడోవాడు ఎవరనుకున్నవ్. రవీందర్. వకీలమ్మకే అర్థం కాలే. "మీకు అనుమానం అతని మీదే కదండీ" అన్నది. "బయట ఉంటె కోర్టుకు పోతడు. లోపట ఉంటె ఈ ఇద్దరి నడుమ ఇరుక్కుంటడు" అన్నడు.

ఇద్దరు ఒప్పుకుంటెనే ఏదన్న కావాలె, ఒక్కని మాట చెల్లది. ముగ్గురిల ఒకరు పోతె ఉన్న ఇద్దరు చెరో పేరు చెప్పాలె, వకీలమ్మ అందుల ఒకటి తీస్కుంటది. ఇవన్ని రాయించినంక ఆఖరికి ఇంకోటి రాయించిండు. ట్రస్టీలు కనకాన్ని చూడనీకి ఎప్పుడు పోయినా చెప్పకుండ పోవాలె. ఫోన్ చెయ్యొద్దు, కబురు పెట్టొద్దు. తలుపు కొట్టాలె, తీసినప్పుడు ఎట్ల ఉన్నదో గట్ల చూడాలె. మా ఊరి మర్యాదకు అది మస్తు ఉల్టా. మా కాడ చుట్టపోళ్ళు ఒస్తున్నమని చెప్పకుండ ఒస్తె మూతి ఇరుస్తరు.

ఇగ ఊర్ల సంగతి విను. ఐలయ్య ట్రస్ట్ పెట్టిండని తెలిసింది. ఎట్ల తెలిసిందంటె నేనే చెప్పిన. మా వాళ్ళకు ట్రస్ట్ అంటె గుళ్ళు, అన్నదానం, ఉచిత కండ్లద్దాలు, గంతే తెలుసు. మూడు దినాలల్ల చౌరస్తాల ఫ్లెక్సీ లేచింది. ఐలయ్య ఫొటో, చేతులు జోడించి, "ట్రస్ట్ చైర్మన్ గారికి శుభాకాంక్షలు" అని, కింద ఇరవైమంది పోరగాండ్ల మొకాలు. బోనాలకు చందా ఇయ్యమని ఒకడు, కబడ్డీ టీముకు బనియన్లు ఇప్పియ్యమని ఒకడు, పండ్లు కట్టించమని ఒక ముసలాయన నోరు తెరుసుకొని వాకిట్ల కూసున్నడు. లైను చెరువుకట్ట దాక పోయింది. ఐలయ్య బర్రె పలుపుతాడు తీస్కొని వచ్చిండు. ఆ లైను చెదిరిన స్పీడుకు చెరువుల నీళ్ళు అలలొచ్చినయి. ఫ్లెక్సీ మాత్రం చింపలే, బర్ల కొట్టం మీద కప్పిండు. ఆ వానాకాలమంత బర్లు చైర్మన్ మొకం కిందనే పండినయి.

టవర్ లేసేటప్పుడు పద్నాలుగో అంతస్తు స్లాబ్ పడకముందే ఐలయ్య పోయిండు. గుండె. ఆఖరి దినాలల్ల గూడ డాక్టర్ సెలైన్ పెడితె "సీసా మీద ఏం రాసి ఉంది, సదువు" అని నన్ను అడిగిండు. నాకు సదువు రాదని యాదిమరిచిండు కావచ్చు. ఊకె ఉప్పునీళ్ళే అని చెప్పిన. నమ్మలే. నమ్మకుండనే పోయిండు.

తర్వాత రవీందర్, పెండ్లాం జ్యోత్స్న, కనకం, అందరు ఆ టవర్లకు మారిండ్రు. ఇగ చూడు. ఐలయ్యకు లోకంల మోసాలన్ని తెలుసు గని గేటు సంగతి తెల్వదు. చెప్పకుండ పోవాలె అని రాయించిండు గద. నేను ఇస్సాకు గారు పోయినం. గేటు కాడ గార్డు ఆపి, పేరు అడిగి, మా మొకాలు ఫొటో తీసి ఫోన్ల కొట్టిండు. పైన జ్యోత్స్న ఫోన్ల మా మొకాలు లేసినయి. "పంపియ్యి" అని ఆమె ఒత్తినంక తలుపు తెరుసుకుంది. మేము లిఫ్ట్ ఎక్కి, తప్పు అంతస్తుల దిగి, మళ్ళ ఎక్కి పోయేసరికి కనకానికి తల దువ్వి ఉంది, పౌడర్ ఏసి ఉంది, ఉతికిన నైటీ తొడిగి ఉంది, చేతిల ఆపిల్ ముక్క గూడ ఉంది. ఇస్సాకు గారు నా చెవిల "ఆపిల్ ఇప్పుడే కోసిందండి, ఇంకా నల్లబడలేదు" అన్నడు. ప్రతిసారి గిట్లనే. మంచిగ చూసుకుంటున్నరా, ఫోన్ మోగినంక మంచిగ చూసుకుంటున్నరా. ఎట్ల తెలుస్తది చెప్పు.

గందుకే నేనొక పని చేసిన. ఆ టవర్ల పనికి పోయే ఆడోళ్ళంత మా గల్లీ వాళ్ళే. ఒకదినం వాళ్ళ నడుమ కలిసి, నెత్తి మీద కొంగు, చేతిల చీపురు, పనోళ్ళ లిఫ్ట్‌ల పైకెక్కిన. ఆ లిఫ్ట్‌ల నూరుమంది ఉన్నరు, నా కాలు నేలకు ఆనలే. తలుపు కొట్టిన. పనిపిల్ల తీసింది. లోపట ఏం చూసిన అనుకున్నవ్. కనకం సోఫాల కూసొని ఉంది, కాళ్ళు చాపి. రవీందర్ కింద కూసొని దాని కాలి గోళ్ళు తీస్తున్నడు. ఆఫీసు అంగీ మీదనే ఉన్నడు, మెడల ఆ తాడుకు కార్డు ఏలాడుతుంది. ఒక్కో గోరు తీసి, నొప్పైందా అక్కా అని అడుగుతుండు, అది లే లే అని నవ్వుతుంది. నన్ను చూసిండు. చీపురు చూసిండు. గోళ్ళ కత్తెర కింద పెట్టిండు. తర్వాత మెల్లగ "ఇంకెన్నేండ్లు పెద్దమ్మా" అన్నడు. "బాపు పోయేటప్పుడు గూడ నా చెయ్యి పట్టుకోలే. నా చెయ్యి తిప్పి వేళ్ళు చూసిండు. మీరు గూడ గట్లనే చూస్తున్నరు. ఇంకెన్నేండ్లు."

చీపురు పట్టుకొని వచ్చిన కాబట్టి వంటింట్ల జర ఊడ్చి వచ్చిన. గని లిఫ్ట్ దిగుతుంటె ఒక సంగతి తట్టింది సంయుక్తా. నేను పోయిన దినమే గోళ్ళు ఎందుకు తీస్తున్నడు. పని దినం, ఆఫీసుల ఉండాల్సినోడు. ఇస్సాకు గారికి చెప్తె ఆయన ఇంకొకటి చెప్పిండు, "పనివాళ్ళ లిఫ్టులో కూడా కెమెరా ఉంటుందండి" అని. చూసినవా. నిజమే గావచ్చు, వాడు మంచోడే గావచ్చు. ఇన్నేండ్ల కిరాయిల పైస పక్కకు పోలే, మందు ఒక్కటి ఆగలే. యాడాదికోపారి మా ఇంట్ల ముగ్గురం కూసుంటె ముగ్గురి చాయ్‌లు చల్లారుతయి, ఎవరు ముందు తాగాలె అని. గని వాడు మంచోడు కాబట్టి మంచిగున్నడా, మేము చూస్తున్నం కాబట్టి మంచిగున్నడా. అది తెల్వాలంటె చూసుడు బంద్ చెయ్యాలె. బంద్ చేస్తె తెలుస్తది. గని అప్పుడు తెలిసి ఏం లాభం, కనకం చెప్పలేదు గద.

ఇప్పుడు అసలు ఫికర్. పోయిన నెల ఇస్సాకు గారు పోయిండు. చర్చిల మస్తు మంది వచ్చిండ్రు, రవీందర్ గూడ పెట్టె మోసిండు. నాలుగు దినాలు కాలే, వాడు ఒక పేరు పట్టుకొచ్చిండు. ఆదర్శ్ అని, జ్యోత్స్న తమ్ముడు. గచ్చిబౌలిల పని, మంచి మాట, వచ్చి నా కాళ్ళు మొక్కిండు. కాళ్ళు మొక్కేటోళ్ళను చూస్తె నాకు కాళ్ళు ముడుచుకుంటయి. వాళ్ళిద్దరు ఒకటైతె నేను ఊకె కుర్చీ నింపనీకే. వాళ్ళ మనసుల ఏముందో గూడ తెలుసు. శంకరపల్లి దిక్కు ఒక హోం ఉందట, గిట్లాంటోళ్ళను పెట్టుకుంటరట. తోటలున్నయి, ఆవులున్నయి, డాక్టర్ ఉన్నడు అని ఫోన్ల ఫొటోలు చూపిచ్చిండు ఆదర్శ్. జ్యోత్స్న గూడ ఏడ్చింది, నా నడుము పోయిందత్తమ్మా, దాన్ని లేపలేకపోతున్న అని. అది అబద్ధం కాదు, నేను గూడ చూసిన, వంగితె లేవలేకపోతుంది. మంచి హోమే గావచ్చు. గని ఆడ వేలు గోడకు ఒత్తితె మంచిగుంది బిడ్డా అని ఎవడంటడు. వచ్చే ఐతారం వకీలమ్మ కాడ నేను ఒక పేరు చెప్పాలె. రాహేలమ్మ పేరు చెప్పొచ్చు గద అంటవా. ఆమె కొడుకు కిరణ్ పాల్ దగ్గరికి మదీనాగూడ పోయింది, మోకాళ్ళు పనిచేస్తలేవు. పైగ ఆమె మస్తు మంచిది. అందర్ని నమ్ముతది. ఈ పనికి అక్కరకు రాదు.

నీ పేరు చెప్తున్న.

కూసో, కూసో, లేవకు. ఎందుకు నేను అంటవేంది. నీకు ఈడ చుట్టం లేదు పక్కం లేదు, అటు కాకినాడ దిక్కు పిల్లవు, నిన్ను ఎవడు కొంటడు. ఇంకోటి గూడ ఉంది. నువ్వు వచ్చిన మొదటి నెల కరెంటు బిల్లు ఇస్తె ఏం చేసినవ్. మర్యాదగ "సరేనండి" అని, నేను పండుకున్ననని చూసి టార్చి పట్టుకొని కిందికొచ్చి మీటర్ చూసినవ్. నేను కిటికిలకెళ్ళి చూస్తనే ఉన్న. ఇంత పెద్దదాన్ని, ఇంత నిజం మాట్లాడేదాన్ని, నన్నే నమ్మలే. ఆ దినమే నాకు ఐలయ్య యాదికొచ్చిండు. నమ్మకంతోని అడుగుతలేను బిడ్డా నిన్ను. రవీందర్‌ను నమ్ముతవేమో నాకు తెల్వదు, నన్నైతె నమ్మవు గద, అది చాలు. మంచిగ చూసుకుంటున్నడంటె ఆ మాట నా మొకం మీద చెప్పు, సుబ్బమ్మా నీదంత వట్టి అనుమానమే అని. జ్యోత్స్న నడుము ఇరగకుండ ఒక మనిషిని పెడదామంటె పెడదాం, కిరాయిలున్నయి. హోమే మంచిదంటె అది గూడ చెప్పు. గని నువ్వు చూసి చెప్పు.

ఐతారం దాక ఎందుకు, ఇప్పుడే పో. లిఫ్ట్ పనిచేస్తనే ఉంటది. ఇగో ఈ గిన్నెల సర్వపిండి ఉంది, వేడిది, కనకానికి పానం. గేటు కాడ నీ ఫొటో తీస్తరు, తియ్యనీ. సుబ్బమ్మ ఇంట్ల కిరాయికుంట, పంపింది అని చెప్పు. లోపటికి పోయినంక కనకం మొకం చూడకు, జుట్టు చూడకు, నైటీ చూడకు, అవన్ని నువ్వు లిఫ్ట్‌ల ఉండంగనే తయారైతయి. తలుపు పక్కన చెప్పుల స్టాండ్ ఉంటది. నీ చెప్పులు ఇడిసినట్టు వంగి, కనకం చెప్పులు తిరగేసి అడుగు చూడు. నీలంవి, పట్టీవి, నేనే కొన్న, బోనాలప్పుడు. అడుగు అరిగి, మట్టి పట్టి ఉంటె దాన్ని రోజూ కిందికి తీస్కపోయి నడిపిస్తున్నరు. కొన్ననాటి లెక్క మెరుస్తుంటె ఏం అనకు, మొకం మార్చుకోకు, సర్వపిండి ఇచ్చి వచ్చి నాకు చెప్పు. చాయ్ ఇస్తె తాగకు. ఇంకోటి, గిన్నె ఖాళీ చేయించి చేతిల పట్టుకొనే రా, తర్వాత పంపిస్తమంటరు, జ్యోత్స్న కాడికి పోయిన గిన్నెలు నాకు మళ్ళ కనపడలే.